సర్వర్ ప్యానెల్ తెరిచేది ఎవరు?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మేడమ్, ఒంగోలు కర్నూలు రోడ్డులో నాకు చిన్న వెబ్ డిజైన్ షాపు ఉంది. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులు, రెండు స్కూళ్లు, కల్యాణ మండపాలు, కొన్ని క్లినిక్‌లు, ఒక పొగాకు వ్యాపారి... అన్నీ కలిపి 22 సైట్లు చూసుకుంటున్నాను. దాదాపు అన్నీ వర్డ్‌ప్రెస్‌వే. ఇన్నాళ్లూ రీసెల్లర్ హోస్టింగ్ మీద, అంటే ఒక కంపెనీ సర్వర్‌లో కొంత చోటు తీసుకుని క్లయింట్లకు పంచి నడిపాను. ఇప్పుడు సైట్లు బాగా స్లో అయిపోయాయి, క్లయింట్ల మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయి. అందుకని 4 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో మనకంటూ విడిగా ఇచ్చే భాగం) తీసుకుందామనుకుంటున్నాను. దాన్ని బ్రౌజర్ నుంచే చూసుకోవడానికి ఏ ప్యానెల్ సాఫ్ట్‌వేర్ వేయాలో తేలడం లేదు. ఒకరేమో సీప్యానెల్ తప్ప వేరేది ముట్టుకోవద్దంటారు. ఇంకొకరు అదంతా డబ్బు దండగ, సైబర్‌ప్యానెల్ ఉచితంగా వస్తుంది వేసుకోమంటారు. నా దగ్గర పనిచేసే కుర్రాడు హెస్టియా బాగుంటుందంటాడు. సర్వర్ అమ్మే ఆయన సెంటోస్ 7 అనే లైనక్స్ వేసి ఇస్తానన్నాడు. నాకు లైనక్స్ కొంత తెలుసు. ఏది ఎంచుకోవాలో చెప్పగలరు.
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు సెంటోస్ 7 సంగతి తేల్చేద్దాం. దాని గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. ఇక దానికి మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. కొత్త సర్వర్ మీద ఇప్పుడు దాన్ని వేసి ఇస్తాననే మనిషి దగ్గర అసలు సర్వరే తీసుకోకండి. ప్యానెల్ ఏదో తేల్చుకున్నాక దానికి సరిపోయే ఆపరేటింగ్ సిస్టమ్ అడగండి. సీప్యానెల్‌కైతే ఆల్మాలైనక్స్ గానీ ఉబుంటు గానీ, హెస్టియాకైతే డెబియన్ గానీ ఉబుంటు గానీ. ఇంకో మాట. ఏ ప్యానెల్ అయినా ఖాళీ సర్వర్ మీదే వేయాలి. ఒకటి వేసి చూద్దాం, నచ్చకపోతే తీసేసి ఇంకోటి వేద్దాం అంటే కుదరదు. సర్వర్ మొత్తం తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. 22 మంది సైట్లు ఎక్కించాక ఆ పని ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి.

ఇక అసలు విషయం. మీ క్లయింట్లలో ప్యానెల్‌లోకి లాగిన్ అయ్యేవాళ్లు ఎంతమంది? గ్రానైట్ వ్యాపారి డేటాబేస్ తెరిచి చూసుకోడు. స్కూలు కరస్పాండెంట్‌కి అడ్మిషన్ల బ్యానర్ మారితే చాలు, ఆ ఫొటో మీకు వాట్సాప్‌లో పంపుతారు. నెల్లూరులో నేను చూసే సైట్లు పొగతోట క్లినిక్‌లవి, రొయ్యల మేత డీలర్లవి, లాడ్జీలవి. వాళ్లలో ఒక్కరికి కూడా ప్యానెల్ పాస్‌వర్డ్ అవసరం పడలేదు. మీ దగ్గర కూడా అంతేనని మీ ఉత్తరం చదివితే తెలిసిపోతోంది. ప్యానెల్ తెరిచేది మీరు, మీ కుర్రాడు. అంతే.

ఈ ఒక్క మాట తేలితే ఎంపికలో సగం చిక్కు విడిపోతుంది. ఎందుకంటే సీప్యానెల్ గొప్పతనమంతా క్లయింట్ కూర్చుని వాడే తెరలోనే ఉంది. సర్వర్ యజమానికి డబ్ల్యూహెచ్‌ఎం అని వేరే తెర, ఖాతాదారుకి సీప్యానెల్ అని వేరే తెర. మెయిల్ ఐడీ తెరుచుకోవడం, ఫైళ్లు ఎక్కించడం, బ్యాకప్ దించుకోవడం... కొత్తవాళ్లు కూడా తడుముకోకుండా చేసుకోగలరు. ఎక్కడైనా ఆగిపోతే నేర్పే వీడియోలు కొల్లలు. వంద మందికి హోస్టింగ్ అమ్మి, వాళ్ల పని వాళ్లనే చేసుకోమనే వ్యాపారానికి అది పెట్టింది పేరు. మీది ఆ వ్యాపారం కాదు.

ధర విషయానికొస్తే, 2019 దాకా ఒక సర్వర్‌కి ఒక లైసెన్స్, ఒకే రేటు. అందులో ఎన్ని ఖాతాలు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ ఏడాది ఖాతాల లెక్కన వసూలు చేసే పద్ధతికి మారారు. ప్రపంచమంతా చిన్న హోస్టింగ్ వాళ్లు గగ్గోలు పెట్టారు. ఆ తర్వాత కూడా రేట్లు పెరుగుతూనే వచ్చాయి. ఇప్పుడు ఒక ఖాతా, 5 ఖాతాలు, 30 ఖాతాలు, 100 ఖాతాలు అని మెట్లున్నాయి. మీ 22 సైట్లకు 30 మెట్టు కావాలి. దేవుడి దయ వల్ల వ్యాపారం పెరిగి 31వ క్లయింట్ వచ్చాడనుకోండి, ఆ ఒక్కరి కోసం 100 మెట్టు ఎక్కాలి. సరే, ప్లెస్క్ అనే ఇంకో ప్యానెల్‌కి పోదామంటే అది ఖాతాలు కాకుండా డొమైన్లు లెక్కపెడుతుంది: 10, 30, ఆపైన ఎన్నైనా. పైగా సీప్యానెల్, ప్లెస్క్ రెండూ ఇప్పుడు ఒకే గ్రూపు చేతిలో ఉన్నాయి. ఒకదాని రేటు మీద కోపంతో రెండోదానికి వెళ్లినా డబ్బు చేరేది అక్కడికే.

ఈ ఖాతాల లెక్క వల్ల ఒక పాడు అలవాటు వచ్చింది. దాని గురించి గట్టిగా చెప్పాలి. లైసెన్స్ డబ్బు మిగులుతుందని చాలామంది ఒక్క ఖాతా తెరిచి అందులోనే పది పదిహేను సైట్లను యాడ్ఆన్ డొమైన్లుగా కుక్కేస్తున్నారు. మీరు ఆ పని చేయకండి. ఒకే ఖాతాలో ఉన్న సైట్లన్నీ లైనక్స్ దృష్టిలో ఒకే మనిషి సొత్తు. ఒక దాంట్లో దూరినవాడు అన్నిట్లోనూ దూరినట్టే.

మా దగ్గర జరిగిందే చెప్తాను. ఒక లాడ్జీ సైట్‌లో ఎప్పటిదో స్లైడర్ ప్లగిన్ ఉంది. ఫొటోలు గిర్రున తిరగాలని ఆయనే ఎవరితోనో వేయించుకున్నారు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి జనం కదిలే రోజులు, లాడ్జీలకు బుకింగుల సీజన్. సరిగ్గా అప్పుడు ఆ సైట్ తెరిస్తే ఏదో మందుల అమ్మకం పేజీకి పోతోంది. ఫైల్ మేనేజర్‌లో అప్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి తేదీల వరుసలో పెట్టి చూశాను. గదుల ఫొటోల మధ్య, ముందురోజు అర్ధరాత్రి తేదీతో, ఫొటోలాగా పేరు పెట్టుకుని ఒక పీహెచ్‌పీ ఫైలు కూర్చుని ఉంది. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ ఫైలుకి పనేముంది? లోపల చూస్తే అర్థం లేని అక్షరాలు, మధ్యలో పక్క ఫోల్డర్లన్నీ వెతికే కోడ్. దానికి పక్క ఫోల్డర్లు దొరకలేదు, ఎందుకంటే ఆ లాడ్జీకి విడిగా ఖాతా ఉంది. అదే సర్వర్‌లో ఉన్న పిల్లల డాక్టర్‌గారి సైట్, ఆ పక్క మేత డీలర్ సైట్ చెక్కుచెదరలేదు. ఒక్క సైట్ ఆపి, పాత బ్యాకప్ ఎక్కించి, ప్లగిన్ పీకేస్తే సరిపోయింది. అవన్నీ ఒకే ఖాతాలో ఉండి ఉంటే ఆ పండగ రోజులన్నీ అందరికీ ఫోన్లు చేసుకుంటూ కూర్చునేవాళ్లం.

కాబట్టి ఒక క్లయింట్‌కి ఒక ఖాతా. ఖాతాలు లెక్కపెట్టే ప్యానెల్ ఈ నియమానికి అడ్డం వస్తుందంటే మీకు ఆ ప్యానెల్ వద్దు.

ఇప్పుడు మెయిల్. నిజానికి మీకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే. ప్యానెల్ మారిస్తే మెయిల్స్ ఇన్‌బాక్స్‌లో పడతాయని ఆశపడుతున్నట్టున్నారు, అలా జరగదు. చీమకుర్తి నుంచి విదేశాల్లోని కొనుగోలుదారుకి పంపిన కొటేషన్ స్పామ్‌లో పడిందంటే, దాన్ని అందుకున్నవాళ్లను జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, పక్కన మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' చూడమనండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలుంటాయి. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని సరిచూసే తనిఖీలు అవి. ఎదురుగా పాస్ అని ఉందా, ఫెయిల్ అని ఉందా చూసి ఆ స్క్రీన్‌షాట్ పంపమనండి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో బాగా కఠినంగా ఉంటోంది. పంపేవాళ్లెవరికైనా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాల్సిందే. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు మూడూ ఉండాలి. ఈ రికార్డులు డొమైన్ డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టికలో పెట్టాలి. ప్యానెల్ వాటిని తయారుచేసి ఇస్తుంది గానీ, మీ డీఎన్‌ఎస్ ఇంకెక్కడో ఉంటే అక్కడికి వెళ్లి అతికించాల్సింది మీరే.

అన్నీ సరిగ్గా పెట్టినా కొత్త వీపీఎస్‌కి ఇచ్చే ఐపీ (సర్వర్ చిరునామా నంబరు) మీద ఇంతకుముందు ఎవరు ఏం చేశారో మనకు తెలియదు. పైగా చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టునే మూసేసి ఇస్తాయి. ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఆ ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) పెట్టమని కంపెనీని అడగాలి. ఒక స్కూలు కాంటాక్ట్ ఫారం ద్వారా ఎవడో స్పామ్ తోశాడంటే ఆ ఐపీ బ్లాక్‌లిస్టులో పడుతుంది, దాంతో గ్రానైట్ వాళ్ల కొటేషన్లు కూడా ఆగుతాయి. ఒకరి పాపం అందరికీ. అందుకే నా సలహా ఖచ్చితంగా ఇది: మెయిల్‌ని సర్వర్ నుంచి బయట పెట్టేయండి. మెయిల్ మీద వ్యాపారం నడిచే గ్రానైట్ వాళ్లకు జోహో గానీ గూగుల్ వర్క్‌స్పేస్ గానీ తీసుకోమనండి. మనిషికి నెలకు ఇంత అని డబ్బు కడతారు, ఒక్క ఆర్డర్ పోయిన నష్టంతో పోలిస్తే అదెంత? సైట్ ఫారాల నుంచి వచ్చే మెయిల్స్‌ని కూడా ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి) ప్లగిన్ పెట్టి బయటి సర్వీస్ ద్వారానే పంపండి.

మెయిల్ బయటికి వెళ్లిందంటే మీ 4 జీబీ ర్యామ్‌కి కూడా ఊపిరి ఆడుతుంది. మెయిల్స్‌లో వైరస్ వెతికే క్లామ్ఏవీ ఒక్కటే దాదాపు ఒక జీబీ ర్యామ్ ఆక్రమిస్తుంది.

క్లయింట్లు లాగిన్ అవ్వరు, మెయిల్ సర్వర్‌లో ఉండదు, ఖాతాలు ఎన్నైనా కావాలి. ఈ మూడూ కలిపి చూస్తే మీ కుర్రాడు చెప్పిందే సరి. హెస్టియా వేయండి. ఉచితం, ఓపెన్ సోర్స్. ముందు ఎన్‌జిన్‌ఎక్స్, వెనక అపాచీ అనే రెండు వెబ్ సర్వర్ ప్రోగ్రాములు పెట్టి నడపగలదు కాబట్టి వర్డ్‌ప్రెస్ వాళ్లకు అలవాటైన హెచ్‌టీయాక్సెస్ (సైట్ సెట్టింగుల) ఫైళ్లు అలాగే పనిచేస్తాయి. ఒక్కో సైట్‌కి ఒక్కో పీహెచ్‌పీ వెర్షన్ ఇవ్వొచ్చు. పాత థీమ్ మీద ఆగిపోయిన కల్యాణ మండపం సైట్లకు అది అక్కరకొస్తుంది. సైట్‌కి హెచ్‌టీటీపీఎస్ ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఒక్క టిక్కుతో వస్తుంది, 90 రోజుల గడువు దగ్గరపడితే తనే రెన్యూ చేసుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసే ఆదేశంలోనే ఏమేం కావాలో చెప్పొచ్చు, క్లామ్ఏవీ, స్పామ్ వడకట్టే స్పామ్అసాసిన్ వద్దనండి. ఒక్క జాగ్రత్త: అడ్మిన్ ఖాతా కింద ఏ సైటూ పెట్టకండి. మీ సొంత షాపు సైట్‌కి కూడా వేరే యూజర్ తెరవండి.

మరి డబ్బు పెట్టి కొనే ప్యానెల్ ఎప్పుడు తీసుకోవాలి? మీ కుర్రాడు రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని వెళ్లిపోతే అర్ధరాత్రి సర్వర్ ఆగినప్పుడు అడగడానికి ఎవరున్నారో ఆలోచించండి. హెస్టియాకి ఫోన్ చేసే సపోర్ట్ లేదు. ఆ భయం ఉంటే డైరెక్ట్‌అడ్మిన్ చూడండి. 2003 నుంచి ఉన్న ప్యానెల్, తేలిగ్గా నడుస్తుంది, అన్నిటికంటే పై స్థాయి లైసెన్స్‌లో ఖాతాలకు పరిమితి లేదు. నెలనెలా ఆ పై స్థాయి లైసెన్స్ కడుతున్నారంటే, సమస్య వచ్చినప్పుడు టికెట్ వేసి అడిగే హక్కు మీకుంటుంది. డైరెక్ట్‌అడ్మిన్‌కి కట్టే డబ్బుని నేను దండగ అనను.

సైబర్‌ప్యానెల్ కూడా ఉచితమే, అయినా దాన్ని ఎందుకు వద్దంటానో చెప్పాలి. 2024 అక్టోబర్‌లో దాని 2.3.6, 2.3.7 వెర్షన్లలో పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాడు సర్వర్‌లో రూట్ (సర్వర్ మీద పూర్తి) అధికారంతో ఆదేశాలు నడపగలిగే లోపం. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న సుమారు 22,000 సర్వర్లు దాని బారిన పడే స్థితిలో ఉన్నాయి. పీసాక్స్ అనే రాన్సమ్‌వేర్ వాటి మీద పడి ఫైళ్లకు తాళాలేసింది. తర్వాత దాన్ని సరిచేశారు. అయినా నా క్లయింట్ల సైట్లు దాని మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. నిజం చెప్పాలంటే హెస్టియా పుట్టింది కూడా వెస్టా అనే పాత ప్యానెల్ నుంచే. ఆ వెస్టా 2018లో ఇలాంటి దెబ్బే తింది. ఏ ప్యానెల్‌కైనా ఏదో ఒక రోజు ఇలాంటిది రావచ్చు.

అందుకే ప్యానెల్ లాగిన్ పేజీ ఊరందరికీ కనిపించకూడదు. హెస్టియాకి 8083, డైరెక్ట్‌అడ్మిన్‌కి 2222, డబ్ల్యూహెచ్‌ఎంకి 2087... ఈ పోర్టులు మీకెంత తెలుసో దాడి చేసేవాళ్లకూ అంతే తెలుసు. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసేసి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా గానీ వైర్‌గార్డ్ వీపీఎన్ ద్వారా గానీ, రహస్య దారిలో మీరు మాత్రమే వెళ్లేలా పెట్టుకోండి. 'మా షాపు ఐపీ ఒక్కటే అనుమతిస్తాం' అంటే మన దగ్గరి బ్రాడ్‌బ్యాండ్‌లో రూటర్ ఆపి వేస్తే ఐపీ మారిపోవచ్చు, అప్పుడు మీరే బయట నిలబడతారు. ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తీసేసి కీ పెట్టండి. ప్యానెల్‌కి టూ ఫ్యాక్టర్ పెట్టండి.

బ్యాకప్ గురించి ఒక్క పని చెప్తాను, అది మాత్రం తప్పకుండా చేయండి. హెస్టియా రోజూ తెల్లవారుజామున బ్యాకప్ తీస్తుంది, కానీ మామూలుగా అదే సర్వర్‌లో, అదే డిస్క్‌లో పెడుతుంది. డిస్క్ పోతే రెండూ పోతాయి. ఎస్ఎఫ్‌టీపీ ద్వారా వేరే కంపెనీ దగ్గరున్న స్థలానికి పంపేలా సెట్ చేయండి. క్లయింట్ల సైట్లు ఎక్కించే ముందే, గంటల లెక్కన అద్దెకు దొరికే చిన్న వీపీఎస్ ఒకటి తీసుకుని, దాని మీద హెస్టియా వేసి, మీ షాపు సైట్ బ్యాకప్‌ని అక్కడ రీస్టోర్ చేసి చూడండి. పేజీ తెరుచుకుందా? ఫొటోలొచ్చాయా? కాంటాక్ట్ ఫారం పనిచేసిందా? అంతా అయ్యాక దాన్ని తీసేయండి. నేను ఏ కొత్త ప్యానెల్‌నైనా ముందు ఇలాగే పరీక్షిస్తాను. ఎక్కించడం ఎంత సులువో ఎవరైనా చెప్తారు, దించుకుని వేరేచోట పెట్టుకోవడం ఎంత కష్టమో మనమే చూసుకోవాలి.

డీఎన్‌ఎస్‌ని కూడా ఆ సర్వర్‌లో పెట్టకండి. డొమైన్ కొన్న చోటో, క్లౌడ్‌ఫ్లేర్‌లోనో ఉంచండి. సర్వర్ పడిపోయిన రోజు డొమైన్‌ని కొత్త ఐపీకి తిప్పాలంటే డీఎన్‌ఎస్ బతికుండాలి కదా. మార్చే ముందురోజు టీటీఎల్ (పాత చిరునామాని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. ముందు మీ సైట్, తర్వాత ఎవరూ పెద్దగా చూడని సైట్లు, చివరగా గ్రానైట్ వాళ్లవి. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో కల్యాణ మండపాలవి, మే, జూన్‌లలో స్కూళ్లవి కదపకండి. పాత రీసెల్లర్ ఖాతాని ఒక నెల అదనంగా కట్టి ఉంచుకోండి.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకాయన సీప్యానెల్ లైసెన్స్ నెలకు మూడు వందలకే ఇస్తానంటున్నాడు. నిజమైనదేనట, అప్‌డేట్లు కూడా వస్తాయట. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: తీసుకోకండి. సీప్యానెల్ లైసెన్స్ సర్వర్ ఐపీకి ముడిపడి ఉంటుంది. ఆ చౌక లైసెన్స్ పనిచేయాలంటే వాళ్లు ఇచ్చే స్క్రిప్ట్‌ని మీ సర్వర్‌లో రూట్‌గా నడపాలి. అది లైసెన్స్ తనిఖీని మోసం చేస్తుంది. అదే రూట్ అధికారంతో ఇంకేం చేస్తుందో మీరు ఎప్పటికీ చూడలేరు. మీ సర్వర్‌లో ఉన్న క్లయింట్ల డేటా అంతా ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెట్టినట్టే. సీప్యానెల్ వాళ్లు లైసెన్స్ సరిచూసుకునే పేజీ నడుపుతున్నారు. అందులో మీ ఐపీ కొట్టి చూడండి, చురుకుగా ఉన్న లైసెన్స్ కనిపించకపోతే అది దొంగదే. ఇప్పటికే నడిపి ఉంటే ఆ సర్వర్‌ని బాగుచేయాలని చూడకండి. సైట్ల ఫైళ్లు, డేటాబేస్‌లు పరీక్షించి కొత్త సర్వర్ మీదికి మార్చేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. డబ్బు పెట్టలేని స్థితిలో ఉంటే ఉచిత ప్యానెళ్లు ఉండనే ఉన్నాయి. దొంగ లైసెన్స్ జోలికి పోవాల్సిన అవసరం ఈ రోజుల్లో ఎవరికీ లేదు.

ప్రశ్న: మా ఆక్వా ల్యాబ్‌కి ఒక్కటే సైట్. పాత ఏఎస్‌పీ డాట్ నెట్ ప్రోగ్రామ్, విండోస్ సర్వర్ మీద ఉంది. దీనికి ప్యానెల్ కావాలా?
- ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: ఒక్క సైట్‌కి అక్కర్లేదమ్మా. విండోస్‌లో సైట్లు చూసుకునే ఐఐఎస్ మేనేజర్ ఉంటుంది, దాంతోనే సరిపోతుంది. మీకు ప్రోగ్రామ్ రాసిచ్చిన వాళ్లనే ఒకసారి కూర్చోబెట్టి సైట్ ఆపడం, మొదలుపెట్టడం, సర్టిఫికెట్ మార్చడం నేర్చుకోండి. ముందుముందు సైట్లు పెరిగి ప్యానెల్ కావాలనుకుంటే విండోస్ మీద నడిచే వాటిలో ప్లెస్క్ చూడండి. సీప్యానెల్, హెస్టియా లైనక్స్‌వి, మీకు పనికిరావు. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టు మాత్రం బయటికి తెరిచి ఉంటే ఇవాళే మూయించండి. ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్ బ్యాకప్ ఎక్కడికి వెళ్తోందో కూడా వాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.